0.693 ఎక్కడిదో తెలిసిపోయింది!

ఇంటర్లో కెమిస్ట్రీ చదివినవాళ్లని నిద్రలో లేపి అడిగినా చెప్పే సంఖ్య ఒకటుంది: 0.693. ప్రథమ క్రమాంక చర్య అర్ధాయువు కావాలా? 0.693ని రేటు స్థిరాంకంతో భాగించు. ఫిజిక్సులో రేడియోధార్మికత పాఠానికొచ్చినా ఇదే. దీనికి తోడు 2.303 అని ఇంకొకటి. రెండూ లాగ్ టేబుల్ నుంచి వచ్చాయన్నారు. టేబుల్ ఎవరో పెద్దలు వేసిపెట్టారు కాబోలని బట్టీ కొట్టేశాం.

ఇన్నాళ్లకు తెలిసింది, 0.693 అంటే ఒక వైశాల్యమట! పెన్సిలుతో గీసి లెక్క కట్టుకోగల వైశాల్యం!

గ్రాఫు కాగితం మీద ఒకటి బై ఎక్స్ వక్రం గీయండి. అడ్డగీత మీద 1 దగ్గర ఒక నిలువుగీత, 2 దగ్గర ఒకటి. వక్రం కింద, ఆ రెండు గీతల నడుమ ఉన్న చోటే 0.693. ఇలాంటి వైశాల్యాలు కట్టే సమాకలనంలో మొట్టమొదటి సూత్రం గుర్తుందా? ఘాతానికి ఒకటి కలిపి, వచ్చినదానితో భాగించడం. ఒకటి బై ఎక్స్‌లోలాగా ఘాతం మైనస్ ఒకటైతే సున్నాతో భాగించాల్సి వస్తుంది, సూత్రం చేతులెత్తేస్తుంది. అక్కడ మాత్రం లాగ్ రాసుకోమంటారు. రాసుకుంటాం. ఎందుకో మాత్రం అడగం.

ఎందుకో ఇప్పుడు చూడండి. 1 నుంచి 2 దాకా ఉన్న ఆ ముక్కని అడ్డంగా రెట్టింపు సాగదీసి, నిలువుగా సగానికి అణచండి. చపాతీ ఒత్తినట్టే ఆకారం మారుతుంది గానీ పిండి తరగదు. సాగిన ముక్క 2 నుంచి 4 దాకా ఉన్న చోట్లో వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంటుంది! అంటే 4 దాకా వైశాల్యం రెండింతలు, 8 దాకా మూడింతలు. హద్దుల్ని గుణిస్తూ పోతే వైశాల్యాలు కూడుకుంటూ పోతున్నాయి. గుణకారాన్ని కూడికగా మార్చేది లాగ్ కాక ఇంకేమిటి?

స్కాట్లాండులో నేపియర్ లాగ్ పట్టికలు అచ్చువేసింది 1614లో. గ్రెగొరీ సెయింట్ విన్సెంట్ అనే జెసూట్ ఈ వక్రం కింది వైశాల్యాల గుట్టును 1647లో ప్రచురించాడు. ఇది లాగే కదా అని సారసా అనే మరో జెసూట్ 1649లో గుర్తుపట్టాడు. న్యూటన్, లైబ్నిట్జ్‌ల కలనగణితం అప్పటికింకా పుట్టనేలేదు!

ఇక అసలు మజా లెక్క కట్టడంలో ఉంది. ఆ చోటుని నాలుగు సమానమైన పట్టీలుగా కోశాను. గీతల ఎత్తులు వరసగా 1, 0.8, 0.6667, 0.5714, 0.5. ఒక్కో పట్టీని ట్రెపీజియం అనుకుని కూడితే 0.6970 వచ్చింది. కాస్త ఎక్కువే, ఎందుకంటే వక్రం లోపలికి వంగి ఉంది, మనం వేసిన సరళరేఖలు దానికి పైనుంచి పోతాయి. ఇప్పుడు సింప్సన్ సూత్రం. కొసల ఎత్తులు ఒక్కోసారి, నట్టనడిమిది రెండుసార్లు, మిగిలిన రెండూ నాలుగేసిసార్లు వేసి కూడితే 8.3190. దాన్ని 12తో భాగిస్తే 0.69325. అసలు విలువ 0.69315! అవే అయిదు ఎత్తులు, అదే కూడిక, అయినా తప్పు దాదాపు ముప్ఫయ్యారో వంతుకి పడిపోయింది. చేసిందల్లా మూడేసి బిందువుల మీదుగా సరళరేఖలకి బదులు పరావలయాన్ని పోనివ్వడమే. క్యాలిక్యులేటర్లో లాగ్ మీట ముట్టుకోలేదు సుమా!

2.303 సంగతీ తేలిపోయింది. అదే వక్రం కింద 1 నుంచి 10 దాకా ఉన్న వైశాల్యం అది. 0.6931ని 2.3026తో భాగించి చూడండి: 0.3010. లాగ్ టేబుల్లో రెండు ఎదురుగా మనం చూసిన అంకెలు అవే!

ఇంతకంటే తమాషా ఏమిటంటే, 2, 3, 5, 7 దాకా నాలుగు వైశాల్యాలు కడితే చాలు, పది వరకు పట్టిక మన చేతిలో ఉన్నట్టే. 6 కావాలంటే 2దీ 3దీ కూడాలి, 9కి 3ది రెండుసార్లు, 10కి 2దీ 5దీ. నాకు 5 దాకా అయింది. 7 మిగిలింది, పట్టీలు ఇంకాస్త సన్నగా కోయాలి. ఇక ఉంటాను, గ్రాఫు కాగితాలు కొనుక్కురావాలి.