రెండు నల్లబిలాలూ, నా సెమినారూ

ఎం.ఎస్సీ. చివరి ఏడు. సెమినారుకు నా వంతు వచ్చింది. "కలిసిపోతున్న గెలాక్సీల్లో జంట నల్లబిలాలు" అన్న అంశం ఎంచుకున్నాను. ఎవరికీ అంతగా తెలీని సంగతి కదా, ప్రశ్నలడిగేవాడుండడని నా ధీమా!

బోర్డు మీద బొమ్మ వేసి గడగడా అప్పజెప్పాను. ఎన్‌జీసీ 6240 అనే గెలాక్సీ. దూరం సుమారు 40 కోట్ల కాంతి సంవత్సరాలు. రెండు గెలాక్సీలు ఢీకొని ఒకటవుతున్నాయక్కడ. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టిన చంద్రా ఎక్స్-రే టెలిస్కోపు సాయంతో, దాని నడిబొడ్డున రెండు చురుకైన నల్లబిలాలున్నాయని 2002లో తేల్చారు. వాటి మధ్య ఎడం సుమారు 3,000 కాంతి సంవత్సరాలు.

వెనక బెంచీలోంచి మా లెక్చరరుగారు మెల్లగా, "బాగుందోయ్. నల్లబిలంలోంచి వెలుగే రాదంటివి. మరి ఆ రెంటినీ చూసిందెట్లా?" అన్నారు.

తెలీదంటే సరిపోయేది. "చాలా శక్తిమంతమైన టెలిస్కోపు సార్, అందుకని..." అని నసిగాను. క్లాసంతా గొల్లుమంది. సార్ మాత్రం నవ్వలేదు. "తెలీదను. తెలుసుకుని రేపు చెప్పు" అన్నారు.

ఆ రాత్రి హాస్టల్ గదిలో కూర్చుని చదివాను. వెలిగేది బిలం కాదు, అందులో పడబోయే వాయువు. గిర్రున తిరుగుతూ విపరీతంగా వేడెక్కుతుంది, బిలం చుట్టుపక్కల నుంచి ఎక్స్-కిరణాలు వెలువడతాయి. "చురుకైన" బిలమంటే తిండి దొరుకుతున్న బిలమన్నమాట! గెలాక్సీలు ఢీకొన్నా నక్షత్రాలు ఒకదాన్నొకటి తాకడం అరుదు; వాటి మధ్య అంత ఖాళీ. వాయువే నడిమికి జారి బిలాలకు మేతవుతుంది. అక్కడి ధూళి మామూలు వెలుగును కప్పేస్తుంది గానీ గట్టి ఎక్స్-కిరణాలు దాటుకొస్తాయి.

మర్నాడు వెళ్లి చెప్పాను. సార్ విని, "ఇంతకీ అవి ఇప్పటికి కలిశాయా?" అన్నారు.

ఈసారి తడుముకోలేదు. "తెలీదు సార్. మనం చూసేది 40 కోట్ల ఏళ్లనాటి వెలుగు. కలవడానికి కొన్ని పదుల కోట్ల ఏళ్లు పడుతుందట. ఈపాటికి కలిసిపోయి, కబురు దారిలో ఉందేమో!"

"కూర్చో, టీ తాగుదాం" అన్నారు సార్.

2023 జూన్‌లో, పల్సర్ల స్పందనల్లో గురుత్వ తరంగాల జాడ కనిపించిందనీ, ఇలాంటి భారీ జంటలే దానికి మూలం కావచ్చనీ, పుణె దగ్గరి మన రేడియో టెలిస్కోపు కొలతలూ అందులో ఉన్నాయనీ చదివాను. వెంటనే సారే గుర్తొచ్చారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెమినారులో "తెలీదు" అనడానికి సిగ్గుపడకండి. నాకు ఆ టీ దక్కింది ఆ మాటకే.