ఆగిపోయిన కారు కొనొచ్చా?

"ఆగిపోయిన కారు మనకెందుకురా, నడిచేది చూడు" అన్నారు నాన్న. నేను చెప్పింది తయారీ ఆగిపోయిన మోడల్ గురించి. ఆయనకి అర్థం కాక కాదు, నన్ను ఆటపట్టించడానికి అన్నారు. కానీ ఆ మాట వారం రోజులు నా బుర్రలో తిరుగుతూనే ఉంది. కంపెనీయే వద్దనుకున్న కారుని నేను డబ్బులిచ్చి ఎందుకు కొనాలి?

సరే, మొదట్నుంచీ చెప్తాను. అమ్మానాన్నలుండేది కూర్మన్నపాలెంలో. నాన్న స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. నేనుండేది మధురవాడలో, ఆఫీసు రుషికొండ ఐటీ హిల్ మీద. అంటే ఊరికి ఆ చివర వాళ్ళు, ఈ చివర మేము, మధ్యలో మొత్తం విశాఖపట్నం. కిందటేడు నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది. అప్పట్నుంచీ ఆయన ముందు సీటుని పూర్తిగా వెనక్కి జరిపి, కాలు చాపుకుంటేగానీ కూర్చోలేరు. నా దగ్గరున్న పదేళ్ళనాటి బుల్లి కారులో అలా జరిపితే ఆయన వెనక మనిషి పట్టరు. అమ్మ, మా ఆవిడ, పాప అందరూ ఎక్కాలంటే రెండు ట్రిప్పులు వెయ్యాలి. కాబట్టి నాకు కావలసింది హోదా కాదండీ, ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య ఒక జానెడు జాగా.

ఆఫీసులో అడిగితే అందరిదీ ఒకటే సలహా. పదిహేను లక్షల్లో ఎస్‌యూవీ, ఏడేళ్ళ ఈఎంఐ. బాగానే ఉంది. కానీ ఈ మధ్య మా వరసలో మూడు కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఆ మనుషులు నాకంటే పనిమంతులే. నా ప్రాజెక్టు వచ్చే ఏడాదికి ఉంటుందో లేదో తెలీనప్పుడు ఏడేళ్ళ వాయిదా మీద సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. చేతిలో ఉన్న ఆరున్నర లక్షలు దాటకూడదు, అప్పు చెయ్యకూడదు. ఇదీ షరతు.

ఈ షరతుకీ ఆ జానెడు జాగాకీ కలిసి దొరికిన సమాధానం మారుతి సియాజ్. 2014 అక్టోబరు 6న విడుదలైంది. మన ఊరివాళ్ళకి ఆ తేదీ గుర్తుంచుకోవడం తేలిక, సరిగ్గా ఆరు రోజులకి, 12న, హుద్‌హుద్ వచ్చింది. పొడవు 4490 మిల్లీమీటర్లు, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 2650, డిక్కీ 510 లీటర్లు. 2018లో రూపు మార్చినప్పుడు 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను పెట్టారు. 2025 ఏప్రిల్లో ఆపేశారు.

ఎందుకు ఆపేశారు? కారు చెడ్డదై కాదు. జనం ఎత్తుగా ఉండే బళ్ళకి మళ్ళారు. ఇంకో కారణం పన్ను. 2006 బడ్జెట్లో చిన్న కార్ల ఎక్సైజు సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే నాలుగు మీటర్ల లోపు పొడవు, దాంతోపాటు ఇంజనుకీ ఒక పరిమితి. అప్పట్నుంచీ కంపెనీలన్నీ టేపు పట్టుకుని నాలుగు మీటర్ల దగ్గర డిక్కీ కోసెయ్యడం మొదలెట్టాయి. ఆ గీతకి అర మీటరు అవతల ఉన్నవాడు ఎక్కువ పన్నుతో అమ్ముకోవాలి, అటుపక్క అదే డబ్బుకి ఎస్‌యూవీ నిలబడి పిలుస్తూ ఉంటుంది. మధ్యలో నలిగిపోయింది సెడాను.

ఇప్పుడు మన భాషలో ఆలోచిద్దాం. ఒక సాఫ్ట్‌వేరు 'ఎండాఫ్ లైఫ్' అన్నారనుకోండి, వెంటనే తీసి పారేస్తామా? ముందు దాని డిపెండెన్సీలు చూస్తాం. అది ఆధారపడిన లైబ్రరీలని పదిమంది ఇంకా వాడుతుంటే కొన్నేళ్ళు దిగుల్లేదు. దానికొక్కదానికే రాసిన కోడ్ ఎంతుందో, అంతే ప్రమాదం. కారూ అంతే. సియాజ్‌లో ఉన్న 1462 సీసీ కె15బి ఇంజనే ఎర్టిగా, ఎక్స్‌ఎల్6, పాత బ్రెజా, జిమ్నీల్లోనూ పెట్టారు. కాబట్టి ఇంజను తాలూకు ఫిల్టర్లు, బెల్టులు, ప్లగ్గులకి రేపేం కరువు రాదు. పైగా దాన్ని విప్పడం తెలిసిన మెకానిక్ గాజువాక నుంచి భీమిలి దాకా ప్రతి సందులోనూ ఉంటాడు. దిగులల్లా దానికొక్కదానికే పనికొచ్చే వాటితో. హెడ్‌లైట్లు, బంపర్లు, అద్దాలు, తలుపులు. అంటే ఆగిపోయిన మోడల్లో భయపడాల్సింది రిపేరుకి కాదు, గుద్దుడుకి. ఇది తెలిశాక నేను చేసిన మొదటి నిర్ణయం, ఇన్సూరెన్సులో ఓన్ డ్యామేజి కవరు ఎప్పటికీ వదలకూడదని.

ఇహ లోపాలు. దాచుకోకుండా చెప్పుకోవాలి కదా.

ఒకటి, ఇథనాల్. 2023 ఏప్రిల్ నుంచీ తయారైన బళ్ళని 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకి తట్టుకునేలా చేశారు. 2025 నాటికి దేశమంతా బంకుల్లో వచ్చేది ఆ పెట్రోలే. అంతకుముందు బళ్ళు చాలామటుకు 10 శాతానికి చేసినవి. మైలేజీ కాస్త తగ్గుతుంది, ఇంధనం వెళ్ళే రబ్బరు గొట్టాల మీద ఒక కన్నేసి ఉంచాలి. రెండు, 2018 తరవాతి పెట్రోలు సియాజ్‌లో మైల్డ్ హైబ్రిడ్ కోసం మామూలు బ్యాటరీతోపాటు ఒక చిన్న లిథియం బ్యాటరీ ఉంటుంది. అది పోతే ఎంతవుతుందో ముందే కనుక్కుని ఆ డబ్బు పక్కన పెట్టుకోవాలి. మూడోది మా ఆవిడ అడిగింది.

"ఎయిర్‌బ్యాగులు ఎన్ని?"

"రెండు."

"కొత్త డిజైర్‌కి?"

"ఆరు."

అంతే, ఇంకేమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. 2024లో వచ్చిన డిజైర్‌కి గ్లోబల్ ఎన్‌క్యాప్ పెద్దల రక్షణలో 5 నక్షత్రాలిచ్చింది. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, దాని పైనున్న సెస్సు కూడా పోయింది. బేస్ మోడల్ ఆన్‌రోడ్డు ఏడు లక్షలు దాటినా, తంటాలు పడితే అందుతుంది. వెళ్ళి చూశాం కూడా. నాన్న ముందు సీటు వెనక్కి జరుపుకుని కూర్చున్నారు. అమ్మ వెనకాల కూర్చుని "బానే ఉంది" అంది, మోకాళ్ళు రెండూ సీటుకి తగిలించుకుని పక్కకి తిప్పుకుని. రెండు కార్ల చక్రాల మధ్య దూరంలో తేడా 200 మిల్లీమీటర్లు. కాగితం మీద చిన్న అంకె. అమ్మ మోకాళ్ళ దగ్గర పెద్దది.

సరే, వేట మొదలైంది. ఎన్ఏడీ దగ్గర ఒక డీలరు చూపించిన బండి మీటరు 48 వేల కిలోమీటర్లు చెప్తోంది, బ్రేకు పెడలు మీది రబ్బరు మాత్రం నున్నగా అరిగిపోయి ఇనుము కనిపిస్తోంది. నమస్కారం పెట్టి వచ్చేశాం. హైదరాబాదులో ఒకటి బాగుంది గానీ, అది తెలంగాణా రిజిస్ట్రేషను. అక్కడ ఎన్ఓసీ తీసుకుని ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్సు కట్టాలి. లెక్కేస్తే చవక కాస్తా ఆవిరైపోయింది.

అప్పుడు నాన్నే అన్నారు, "మీ బాబాయి అమ్మేస్తాడట, బెంగుళూరు వెళ్ళిపోతున్నారు కదా" అని. బాబాయి అంటే సొంత బాబాయి కాదు, ప్లాంటులో నాన్నతో ఒకే షిఫ్టులో పాతికేళ్ళు చేసినాయన. 2019 మోడల్ పెట్రోలు, ఏపీ 39 బండి, ఒక్కరే ఓనరు, 41 వేల కిలోమీటర్లు. ప్రతి సర్వీసు బిల్లూ ఒక ఫైల్లో కుట్టి ఉంది. ఆరు లక్షల అరవై వేలు చెప్పారు. నా ఎక్సెల్ షీటు అయిదు తొంభై అంది.

ఉక్కునగరంలో క్వార్టరు ముందు మామిడి చెట్టు కింద ఉంది కారు. అద్దంలా ఉంది. రోజూ పొద్దున్నే బకెట్టు నీళ్ళతో తుడిచేవారట. తలుపుల రబ్బర్లు పీకి చూశాను, వెల్డింగు అతుకులు లేవు. సీటు బెల్టులు చివరిదాకా లాగి చూశాను, నీటి మరక లేదు. టైర్ల మీద నాలుగంకెలు చూశాను, మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. నాలుగూ 2019వే. గుళ్ళు బాగున్నా వయసైపోయింది, మార్చాల్సిందే. చల్లటి ఇంజను స్టార్టు చేస్తే ఒక్క ముక్క పొగ లేదు. నాకైతే అక్కడే డబ్బులిచ్చేద్దామనిపించింది.

"కింద చూడకుండా ఈ ఊళ్ళో బండి కొనకండి సార్" అన్నాడు ఆటోనగర్ మెకానిక్. లిఫ్టు మీదకెక్కించాడు. పైన అద్దంలా ఉన్న కారు కింద వేరే ప్రపంచం. జాకీ పెట్టే చోట్ల తుప్పు పెచ్చులుగా లేచింది. సైలెన్సర్ గొట్టం అతుకుల దగ్గర ఎర్రగా తినేసింది. వెనక బ్రేకు లైను బిగించిన క్లిప్పు ఒకటి పొడిపొడిగా రాలింది. చాసీ గట్టిగానే ఉంది, సుత్తితో కొట్టి చూపించాడు. కానీ ఇంకో రెండు వానాకాలాలు అలా వదిలేస్తే చెప్పలేనన్నాడు.

ఇందులో మాయేం లేదు. మన గాలిలో ఉప్పుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు పడుతుంది, మన ఊళ్ళో ఏడాదిలో చాలా రోజులు అంతకంటే ఎక్కువే ఉంటుంది. రాళ్ళు తగిలి పెయింటు లేచిన ప్రతిచోటా ఆ ఉప్పునీటి పొర కూర్చుంటుంది. వాన పైభాగాన్ని కడుగుతుంది, కింది భాగాన్ని ఎవరూ కడగరు. అందుకే ఇక్కడ తక్కువ తిరిగిన కారు అంటే మంచి కారు అని కాదు, ఎక్కువకాలం నిలబడిన కారు అని కూడా.

టైర్లూ, సైలెన్సరూ, కింద తుప్పు గోకి పూత వెయ్యడమూ అన్నీ కలిపి యాభై వేలు దాటింది లెక్క. ఫోన్లో ఫొటోలు తీశాను. చెప్పొద్దూ, నాకు లోపల్లోపల సంతోషంగానే ఉంది. బేరానికి ఇంతకంటే ఏం కావాలి? డీలరు దగ్గరైతే ఆ ఫొటోలు బల్ల మీద పరిచి లక్ష తగ్గించమనేవాణ్ణి.

నాన్నకి చూపిస్తే ఒక్కటే అన్నారు. "వాడికి చూపించు. కానీ బేరంలా చూపించకు."

ఆ రెంటికీ తేడా ఏంటో దారి పొడుగునా అర్థం కాలేదు. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశారు. చాలాసేపు మాట్లాడలేదు. "రోజూ తుడిచేవాణ్ణి నాన్నా" అన్నారు చివరికి. నేను తప్పు పట్టానని కాదు, తనే ఎక్కడో ఓడిపోయినట్టు. జీవితమంతా ఇనుముతో పనిచేసిన మనిషి. తుప్పు గురించి నేనాయనకి చెప్పడమేంటి అనిపించింది.

తరవాత ఆయనే "యాభై వేలు తగ్గించుకో" అన్నారు. ఆరు లక్షల పదివేలకి ఖాయమైంది. నా షీటు ప్రకారం ఇరవై వేలు ఎక్కువ. రిపేరు కలిపితే ఆరున్నర గీత ఓ పది పదిహేను వేలు దాటింది కూడా. అయితేనేం? ఆరేళ్ళ బిల్లులు కుట్టి పెట్టిన ఫైలుకీ, మీటరు తిప్పని చేతికీ ఆ మాత్రం ధర ఉంటుంది. నా షీటులో దానికి గడి పెట్టుకోకపోవడం నా తప్పు.

ఇంతకీ ఆగిపోయిన కారు కొనొచ్చా అంటే, నాకు తేలింది ఇది. మోడల్ ఆగిపోవడం అందరికీ తెలిసిన లోపం, దాని తగ్గింపు ధరలో ముందే కలిసిపోయి ఉంటుంది. మనల్ని ముంచేది మనం చూస్తున్న ఆ ఒక్క బండిలో దాగి ఉన్న లోపం. ఇంజను పది బళ్ళలో ఉందో లేదో కనుక్కోండి. బండిని లిఫ్టు ఎక్కించకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఆర్సీలో అప్పు ఎంట్రీ ఉంటే ఫారం 35తో తీయించండి, 29, 30 ఫారాలు సంతకం పెట్టించుకోండి. ఇన్సూరెన్సు మీ పేరుకి మార్చమని 14 రోజుల్లో అర్జీ పెట్టండి. ఇక ఎయిర్‌బ్యాగుల ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. కాన్వెంటు జంక్షన్ దగ్గర కంటైనరు ట్రైలరు పక్కన నిలబడ్డ ప్రతిసారీ అది గుర్తొస్తుంది. కాస్త నెమ్మదిగా తోలుతున్నాను, అంతే.

తాళాలు తీసుకోవడానికి మేమందరం వెళ్ళాం, అప్పటికే కింద పూత వేయించి తెచ్చాను. నాన్న ముందు కూర్చుని సీటు చివరిదాకా వెనక్కి జరిపారు. అమ్మ ఆయన వెనకాల, కాళ్ళు తిన్నగా పెట్టుకుని. బాబాయి డ్రైవరు పక్క తలుపు దగ్గరికొచ్చి, మోకాలి మీద చెయ్యి వేసుకుని వంగి, కారు కిందకి తొంగి చూశారు. లేచి చేతులు దులుపుకున్నారు.

"కడుగుతూ ఉండు నాన్నా. కింద కూడా" అన్నారు.