వెల్లవేయు దినములు

ఫాల్గుణ మాసము సగము గడచినదనిన మా యింట నెవ్వరికిని కాలు నిలిచెడిది కాదు. పంట ఇల్లు చేరినది, కుప్పనూర్పులు ముగిసినవి; కళ్లములనుండి లేచిన పొట్టును ధూళియు దూలములమీదను, కిటికీ రెక్కల సందులయందును చేరి, ఇక అచ్చటనే కాపురముండ నిశ్చయించుకొన్నట్లు గన్పట్టెడివి. బాపట్లకు చేరువనున్న యొక పల్లెలో మాది పెంకుటిల్లు. సంక్రాంతికే వెల్లవేయించు ఇండ్లు మా వీధిలో పెక్కు గలవు. మా యమ్మ మాత్రము ఉగాదికే వేయించెడిది. ధనుర్మాసపు మంచులో గోడలు త్వరగా ఆఱవనియు, నూర్పులు కాకమునుపు ఇల్లు కడుగుట స్నానము చేసి బూడిదలో దొర్లుటవంటిదనియు ఆమె వాదము. ఇప్పుడాలోచింపగా ఆ వాదము సరియైనదే యని తోచుచున్నది. ఆనాడు మాత్రము పొరుగింటి పిల్లలకంటె రెండు మూడు నెలలు వెనుకబడి మా గోడలు తెల్లబడుట మాకు చిన్నతనముగా నుండెడిది.

‘మేము’ అనగా మువ్వురన్నదమ్ములలో పెద్దవారమిద్దఱము. ఇద్దఱము కలిసియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఏల కలిసి వ్రాయవలసి వచ్చెనో ముందు తెలియును.

మా వీధి చివర క్రైస్తవ కుటుంబములు మట్టల ఆదివారమునకు ముందు తమ యిండ్లు బాగుచేసికొనెడివి. ఉగాదియు ఈస్టరును రెండును చంద్రునిబట్టి వచ్చు పండుగలే. ఒకటి అమావాస్య దాటిన పాడ్యమినాడు, మఱియొకటి పూర్ణిమ దాటిన ఆదివారమునాడు. కావున ఏ యేడైనను ఒకదానికొకటి మిక్కిలి దూరముగా నుండవు. ఒక్క సున్నపు బండియే వీధికంతకును సరిపోయెడిది. అది గుల్లసున్నము, సముద్రపుటొడ్డునను ఉప్పుటేళ్లలోను ఏఱిన గుల్లలను బట్టీలో కాల్చి చేయునది. బండివాడు గంపతో కొలిచి పోయగా, తేలికైన తెల్లని పెళ్లలు మా పెరటి మూల కుప్పగా నుండెడివి. వానిని ముట్టరాదని మాకాజ్ఞ. సున్నము విరియబోయు దినమున అమ్మ మమ్ము వంటయింటి గడప దాటనిచ్చెడిది కాదు.

పని యెప్పుడును పైనుండి క్రిందికే సాగవలెను. మొదట బూజుకఱ్ఱ, పిదప గోడలు, పిదప కిటికీలు, కడపట నేల. సామానంతయు వాకిట చేరెడిది. అటకమీది ఊరగాయ జాడీలు, ఇత్తడి గంగాళములు, ఏ పెండ్లిలోనో వచ్చిన విరిగిన పీటలు, ఎవ్వరును వాడని, ఎవ్వరును పాఱవేయని వస్తువులన్నియు ఆ యొక్క దినము ఎండ చూచెడివి. నులకమంచములను ఎండలో నిలువబెట్టి సలసల కాగు నీళ్లు సందులలో పోయుట నాన్నగారి వంతు. అప్పుడు నల్లులు రాలుచుండగా వారు లెక్కపెట్టుచుండెడివారు. ఆ లెక్క మేమెన్నడును నమ్మలేదు.

మా వంతు అద్దములు. మా తాతగారు ఇల్లు కట్టించినప్పుడు ఇనుపకమ్ముల కిటికీలకు పైభాగమున గాజుపలకలు పెట్టించిరి. కిటికీకి ఆఱు చొప్పున మూడు కిటికీలకు పదునెనిమిది. వానిలో నొకదాని వెనుక పిచ్చుకలు గూడు కట్టుకొన్నవి గనుక దానిని కదల్పరాదని అమ్మ చెప్పెను. కావున లెక్కకు పదునేడే. ఎండ సూటిగా పడుచున్న అద్దమును తుడువరాదు. నీరు గుడ్డకంటె ముందుగా ఆఱి చారలు నిలుచును. కావున తూర్పు కిటికీ మధ్యాహ్నమునకును, పడమటి కిటికీ ఉదయమునకును ఏర్పాటు. తడిగుడ్డతో ధూళి తీసిన పిమ్మట మెత్తని పొడితో రుద్దవలెను. ముగ్గుపిండి చేతికందునదే యైనను దానిలో ఱాతిరేణువులుండును, గాజు గీతలు పడును. అందుచేత మా పాఠశాలలో నల్లబల్ల క్రింద రాలిన సీమసుద్ద తునుకలను మేము ఫాల్గుణమంతయు జేబులలో ప్రోగుచేసి తెచ్చి నూఱి వస్త్రగాళితము పట్టెడివారము. మా యుపాధ్యాయులకిది తెలియకపోలేదు, చూచియు చూడనట్లూరకుండిరి. తుదకు పాత వార్తాపత్రికను నలిపి పొడిగా తుడిచినచో అద్దమున్నదో లేదో తెలియనంత నిర్మలమయ్యెడిది. వెల్లవేయునపుడు చిందిన సున్నపు చుక్కలు ఆఱి గాజునంటుకొన్నచో వానిని గోళ్లతో గీరరాదు. అమ్మ చింతపండు రసమున ముంచిన గుడ్డను వానిపై కొంతసేపు అద్దియుంచెడిది. పులుపునకు సున్నము కరగి చుక్క మాయమయ్యెడిది. ఈ సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాము.

1970 వ సంవత్సరమున, సాధారణ నామ సంవత్సరాదికి పది దినములు ముందు జరిగినది చెప్పెదము. మాలో పెద్దవానికి పదునాలుగేండ్లు, రెండవవానికి పండ్రెండు, తమ్మునికి ఆఱు. ఆ నెలలోనే తరగతిలో సున్నమునుగూర్చి పాఠము జరిగెను. కాల్చిన సున్నముపై నీరు పోసిన వేడి పుట్టుననియు, ఆ వేడికి నీరు తెఱలుననియు చదివితిమి. నిప్పు లేక నీరు తెఱలుట! మా పెరటిలో సున్నమున్నది, నూతిలో నీరున్నది. అమ్మ బూజుకఱ్ఱ తిరిగి యిచ్చుటకు పొరుగింటికి వెళ్లియుండెను. ఇంతకంటె ఏమి కావలెను?

పాత కాగులో సగమువఱకు పెళ్లలు నింపి, పైనుండి చెంబెడు నీళ్లు పోసితిమి. పోసిన చేయి మా యిద్దఱిలో నెవ్వరిదో నేటివఱకు మేము బయట చెప్పలేదు; ఇక్కడను చెప్పము. మొదట ఏమియు జరుగలేదు. నీరు పీల్చుకొని పెళ్లలు ఊరకుండెను. పాఠము తప్పేమో యని మేము మొగములు చూచుకొనుచుండగా తమ్ముడు ముందుకు వంగి కాగులోనికి తొంగిచూచెను. అదే సమయమున బుస్సుమని ఆవిరి లేచి, పెళ్ల పగిలి, కాగుచున్న సున్నము చిమ్మెను. వాడు రెండు చేతులతో ఎడమకన్ను మూసికొని కూలబడెను. ఆ కేక ఇప్పటికిని మా చెవులలో నున్నది.

అప్పుడు మాకు తోచినదేమి? గాజుపై సున్నమును తీయునది చింతపండు. ఆమ్లము క్షారమును హరించునని పుస్తకమున గూడ నున్నది. ఒకరు వానిని పట్టుకొనగా మఱియొకరు వంటయింటిలోనికి పఱుగెత్తి, చారునకై నానవేసిన చింతపండు గిన్నె తెచ్చితిమి. వాని చేయి బలిమిని తీసి, ఆ రసమును కంట పిండబోవుచుండగా అమ్మ వచ్చెను. గిన్నెను ఒక్క దెబ్బతో దూరమునకు కొట్టి, వానిని చంకనెత్తి నూతికడ బండపై పరుండబెట్టెను. తల ప్రక్కకు వంచి, రెప్పలు రెండు వ్రేళ్లతో విప్పిపట్టి, అచ్చట నిండుగానున్న బిందెలోని నీరు ధారగా పోయసాగెను. “తోడుడు! నేను చాలుననువఱకు తోడుడు!” అని మాతో ననెను.

మేము తోడితిమి. గిలక ఆగలేదు. పొరుగింటి యామె పరుగెత్తివచ్చి, “వదినా, కాస్త వెన్న వేయరాదా, మంట చల్లాఱును” అనెను. అమ్మ బదులు చెప్పలేదు, తల యెత్తలేదు. మఱియొకరు చనుబాలు మంచివనిరి. నీరు పోయుట మానలేదు. వాడు తన్నుకొనుచు, అమ్మ చేతిని కఱచుచు నుండెను. అరగంటకు పైగా అట్లు పోసిన పిమ్మట, తడిబట్టలతోనే వానిని భుజమున వేసికొని ఆమె బస్సెక్కెను. నాన్నగారు పొలమునుండి వచ్చి సంగతి విని మమ్ము కొట్టలేదు. కొట్టినచో బాగుండెడిదని ఆ రాత్రి ఇద్దఱము అనుకొంటిమి.

ఆసుపత్రిలో వైద్యులు వాని పైరెప్పను తిరుగవేసి, దాని మాటున దాగిన సున్నపు రేణువులను దూదితో తీసి, మరల చాలసేపు కడిగిరి. పిమ్మట నాన్నగారితో వారు చెప్పినది మాకు తెలిసినంతవఱకిది: ఆమ్లము కంట బడినచో పైపొర పెరుగువలె గడ్డకట్టి దానిని కొంతవఱకు లోనికి పోనీయదు, సున్నము అట్లు కాదు, పొరలను కరగించుకొనుచు లోలోపలికి దిగును. దానిపై పులుపు పోయుట మఱింత కీడు. తొలి నిమిషములలో తల్లి పోసిన నీరే అసలు మందు, తాము చేయగలది కొంచెమే. ఈనాడు గోడలకు సున్నము వేయువారు తగ్గిరి గాని, తాంబూలపు సున్నము చిన్న చిన్న పొట్లములుగా అంగళ్లలో నమ్ముచున్నారు. పిల్లలు వానిని పిసుకగా చిట్లి కంట బడుట నేటికిని వైద్యులెఱిగిన ప్రమాదమే. ఇంట చిన్నవారున్న తల్లిదండ్రులకు ఈ మాట చెప్పకుండ ముందునకు పోజాలము.

తమ్ముడు పదునైదు దినములకు ఇల్లు చేరెను. ఎడమకంటి నల్లగ్రుడ్డుపై, ఒక ప్రక్కగా, మిరపగింజంత తెల్లని పువ్వు మిగిలెను. చూపు పోలేదు, మసకబాఱినది. ఆ యుగాదికి మా గోడలు వెల్ల చూడలేదు. వాకిట చేర్చిన సామాను చేర్చినట్లే వారము దినములుండి, ఎవరు మోసిరో యెఱుగము, మరల లోనికి చేరెను. పండుగనాడు వేపపువ్వు పచ్చడి మాత్రము నాన్నగారు చేసి మా చేతులలో పెట్టిరి. దానిలో చింతపండెక్కువయ్యెను. మేము తినలేకపోతిమి.

కంట నీళ్లే పోయవలెనని నీకెట్లు తెలియునని కొంతకాలమునకు అమ్మనడిగితిమి. “మా పుట్టింటి గోడలు కట్టిన తాపీవారు నిండు బిందె ప్రక్కన పెట్టుకొనక సున్నపు కాగు ముట్టెడివారు కారు. చిన్ననాట చూచితిని” అనెను. ఆ మాటతో మాకు తల తిరిగినట్లయ్యెను. ప్రతి సంవత్సరము ఆమె సున్నము విరియబోవునపుడు నూతికడ బండపై బిందె నిండుగా నుండుట మేము చూచుచునే యుంటిమి. అది చేతులు కడుగుకొనుటకని తలచితిమి. ఆనాడు గూడ, పొరుగింటికి వెళ్లకమునుపే, ఆమె దానిని నింపియుంచెను. వంటయింటి గడపనుండి మేము చూచినదంతయు పనియే గాని, ఆ పనిలోని తెలివి మాకు కనబడలేదు.

మఱుసటి యేడు, అనగా 1971 లో, అమ్మ వెల్ల మానివేయునని అందఱు ననుకొనిరి. ఆమె యథాప్రకారము సున్నపు బండి నాపెను. ఈసారి మమ్ము గడప లోపల నుంచలేదు. పెరటిలోనికి పిలిచి, కాగునకు నాలుగు బారల దూరమున నిలువబెట్టి, చూడుడనెను. మొదట కాగులో సగము నీళ్లు పోసెను. ఆ నీళ్లలోనికి పెళ్లలను పొడుగు గరిటెతో ఒక్కొక్కటిగా జాఱవిడిచెను. సున్నముపై నీళ్లు గాదు, నీళ్లలో సున్నము. ఒకటి విరిసి చల్లాఱిన పిమ్మటనే మఱియొకటి. మొగము ప్రక్కకు త్రిప్పియుంచెను. కాగు తెఱలినది గాని, చిందలేదు. మూడు దినములు మగ్గనిచ్చి, పలుచని బట్టతో వడబోసి, గోడనంటియుండుటకు తుమ్మబంక నీళ్లును, పసుపుచాయ తెలియకుండుటకు కొంచెము నీలిమందును కలిపెను. కుంచె మా చేతికిచ్చెను.

తడిగానున్నంతసేపు వెల్ల మాసిన గోడవలెనే యుండును. తెలియనివారు చాలలేదనుకొని మరల మరల పూయుదురు, మేమును పూసితిమి. ఆఱినకొలది తెలుపు దానంతట పైకి వచ్చును. బట్టీలో గుల్ల కోల్పోయిన బొగ్గుపులుసు వాయువును గోడపైని సున్నము గాలినుండి మరల నెమ్మదిగా తీసికొని గట్టిపడును. ఇదియు మా పుస్తకముననే, ఆ పాఠము వెనుకటి పుటలో నుండెను. మేమంతదూరము చదువలేదు.

అద్దములకు తమ్ముడు మాతో వచ్చెను. సుద్దపొడి గిన్నె పట్టుకొనుట వాని పని. పడమటి కిటికీలో మొదటి పలకను మేము తుడిచి దిగగా, వాడు ఎడమకన్ను మూసి చూచి, పిదప కుడికన్ను మూసి చూచి, “అన్నయ్యా, ఈ కంటితో చూచిన తుడిచినట్లున్నది, ఈ కంటితో చూచిన తుడువనట్లున్నది” అనెను. వానికది యొక ఆటగా నుండెను. మేమేమియు అనలేదు. మరల పీటయెక్కి ఆ పలకనే పత్రికతో రుద్దితిమి. వాడు మరల చూచి, “ఇంకను ఉన్నది” అనెను. మూడవసారి రుద్దుచుండగా అమ్మ లోపలినుండి, ఎండ ఎక్కుచున్నది, నీళ్లు మాసినవి, బిందె నింపి తెండనెను. వాడు గిన్నె క్రింద పెట్టి మాతో నూతికడకు వచ్చెను.