ఆలస్యం సరే, కబురేదీ?

"ఆలస్యం అమృతం విషం" అన్నారు పెద్దలు. ఆ మాట పుట్టేనాటికి ఆర్టీసీ బస్సులూ, విశ్వవిద్యాలయ పరీక్షా ఫలితాలూ లేవు కాబోలు. వుండివుంటే, అటువంటి విషం రోజూ కాస్త కాస్త తాగి కూడా మనిషి బతకగలడని ఇంకో సామెత చేర్చేవారు. మనం ఆలస్యానికి అలవాటుపడినవాళ్లం. బస్సు గంట ఆలస్యమైతే పక్కవాడితో రాజకీయాలు మాట్లాడుకుంటాం. ఫలితాలు రెండు నెలలు ఆలస్యమైతే మేనత్తగారి వూరు వెళ్లివస్తాం. ఆలస్యం మనల్ని ఏమీ చెయ్యలేదు. మనిషిని కుంగదీసేది దాని పక్కనే కూర్చుని వుండే మరొకటి. దాన్ని గూర్చే ఈ నాలుగు మాటలూ.

ఈ సంచికకు పూర్వ విద్యార్థిగా నా వృత్తిని గురించి రాయమని సంపాదకవర్గంవారు అడిగారు. నా వృత్తి కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాయడం. ఆ మాట వినగానే తెలుగు శాఖవారూ, చరిత్ర శాఖవారూ పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. అయ్యా, ఒక్క నిమిషం ఆగండి. ఇందులో చెరకుతోట కూడా వుంది.

మాది రోలుగుంట. నా చిన్నతనంలో అది విశాఖపట్నం జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. వరి తర్వాత మా వైపు చెప్పుకోదగ్గ పంట చెరకు. వరి కోసుకున్నట్టు చెరకు రైతు తన తోటను తన ఇష్టమొచ్చినప్పుడు నరకడానికి లేదు. ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరు రావాలి. ఆర్డరు రాకుండా నరికితే గడ ఎండిపోయి రోజురోజుకీ తూకం తగ్గిపోతుంది. నరక్కుండా వుంచితే తోట ముదిరిపోతుంది, నేల ఖాళీ అవదు, కూలీల జట్టు ఇంకో వూరు ఒప్పుకుని వెళ్లిపోతుంది.

నేను హైస్కూల్లో వుండగా ఒక ఏడు మాకు రావలసిన ఆర్డరు నెలన్నర రాలేదు. మిషను చెడిందని ఒకరన్నారు, పెద్ద రైతులవి ముందు తీసుకుంటున్నారని ఇంకొకరన్నారు. నిజం ఎవరికీ తెలీదు. ఆఫీసుకి వెళ్లి అడిగితే "వస్తాదిలే, ఎల్లండి" అన్నదొక్కటే జవాబు. ఆ రోజుల్లో మా నాన్న అన్న మాట నాకిప్పటికీ జ్ఞాపకం. "ఆలీసం అయితే అయిందిరా. ఇదిగో, ఇంకో నలభై రోజులు పడతాదని ఒక్క మాట సెప్పీస్తే మన ఏర్పాటేదో మనం సూసుకుంటాం గదా. సెప్పకుండా కూకోబెట్టీసినారు, అదీ బాద."

ఇన్నేళ్ల నా వుద్యోగంలో ఇంతకంటె సరైన మాట నేను వినలేదు. ఎందుకో చెబుతాను.

కంప్యూటర్‌కు మనం చెప్పే ఆజ్ఞలు ఒక భాషలో రాస్తాం. అసలు భాషల్లాగే ఆ భాషా పెరుగుతుంది. లోపాలు దిద్ది, దొంగలు దూరే సందులు పూడ్చి, కొత్త సౌకర్యాలు చేర్చి ఏడాదికో రెండేళ్లకో కొత్త కూర్పు విడుదల చేస్తారు. చిక్కెక్కడంటే, భాషను తయారుచేసేవారు ఒకరు, దాన్ని నడిపే వేదిక మరొకరిది. వేదిక యజమాని కొత్త కూర్పును తన వేదిక మీదికి ఎక్కించేదాకా అది మనకు లేనట్టే. పుస్తకం అచ్చయిందని పేపర్లో చదివాం, మన లైబ్రరీకి మాత్రం రాలేదు. ఎప్పుడొస్తుందని అడిగితే లైబ్రేరియన్‌గారు తల ఎత్తరు. ఇదీ పరిస్థితి.

దీనికి మా వృత్తిలో పెద్ద వుదాహరణ జావా. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ అనే అమెరికా కంపెనీ లోకానికి ఇచ్చిన భాష ఇది. ఒకసారి రాస్తే ఏ యంత్రం మీదయినా నడుస్తుందని దాని ప్రతిజ్ఞ. మన తెలుగు కుర్రవాళ్లకు అది అన్నం పెట్టిన భాష. హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ వున్న శిక్షణ సంస్థల్లో జావా నేర్చుకుని అమెరికా దాకా వెళ్లినవాళ్లు మీలో ప్రతివారి చుట్టాల్లోనూ ఒకరైనా వుంటారు.

విండోస్‌కూ, లినక్స్‌కూ జావాను సన్‌వారే తయారుచేసి ఇచ్చేవారు. ఆపిల్‌వారి మాకింటోష్‌కు మాత్రం ఆ పని ఆపిల్‌వారే చేసుకునేవారు. జావా ఆరో కూర్పు 2006 డిసెంబరులో విడుదలైంది. ఆపిల్‌వారి కొత్త ఆపరేటింగ్ సిస్టం లెపర్డ్ 2007 అక్టోబరు 26న వచ్చింది. అందులో ఆరో కూర్పు వుంటుందని ప్రోగ్రామర్లు ఆశపెట్టుకున్నారు. తీరా చూస్తే ఐదోదే వుంది. ఎప్పుడిస్తారు? జవాబు లేదు. అసలు ఇస్తారా? దానికీ లేదు. చివరికి 2008 ఏప్రిల్ ఆఖరున ఇచ్చారు. అంటే సన్‌వారు విడుదల చేసిన పదహారు నెలలకు. అదీ 64 బిట్ల ఇంటెల్ యంత్రాలవారికే. మిగతావారికి మొండిచెయ్యి.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఆ లెపర్డ్ కూడా ఆలస్యంగా వచ్చిందే. 2007 జూన్‌లో రావలసింది అక్టోబరుకు వెళ్లింది. కాని ఆ సంగతి ఆపిల్‌వారు ముందుగా ఏప్రిల్‌లోనే బహిరంగంగా ప్రకటించారు. ఐఫోన్ పనికి ఇంజనీర్లను మళ్లించవలసి వచ్చిందని కారణం కూడా చెప్పారు. జనం విసుక్కున్నారు, తర్వాత సర్దుకున్నారు. చెప్పిన అక్టోబరులోనే అది వచ్చింది. కంపెనీ అదే, ఏడాదీ అదే. ఒక ఆలస్యానికి కబురు చేశారు, రెండోదానికి చెయ్యలేదు. ప్రోగ్రామర్ల కడుపు మండింది రెండోదానికే.

మా వైపు ఆర్డరు రాని రైతు ఏం చేస్తాడు? గానుగ ఆడి, పెనం మీద పాకం కాచి బెల్లం వండుకుంటాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్ వుంది కాబట్టి దిమ్మలు అక్కడికి తోలుతాడు. అటువంటి పనే ఆ ప్రోగ్రామర్లలో ఒకాయన చేశాడు. 2007 చివర్లో ఆయన జావా ఆరో కూర్పును తానే మాకింటోష్ మీదికి తెచ్చి, దానికి సోయ్‌లాటే అని పేరుపెట్టాడు. పనిచేసింది గాని దాని కిటికీలూ మీటలూ మాకింటోష్‌లో మిగతావాటిలా కనబడేవి కావు. బెల్లం బెల్లమే, పంచదార పంచదారే. అయినా ఆకలివేళ అదే అమృతం.

ఆ తర్వాత కథ త్వరగా ముగిసింది. ఇకమీదట తమ జావా మీద ఆధారపడవద్దని 2010 అక్టోబరులో ఆపిల్‌వారు సూచించారు. అప్పటికి సన్‌ను ఒరాకిల్ కంపెనీ కొనేసింది. ఆ నవంబరులో ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చి, మాకింటోష్ జావా బాధ్యత ఒరాకిల్ చేతికి మార్చారు.

కంపెనీవారి పక్షం కూడా చెప్పకపోతే న్యాయం కాదు. తేదీ చెప్పి తప్పితే పరువు నష్టం. పోటీ కంపెనీలకు లోగుట్టు తెలిసిపోతుందని భయం. లోపాలున్న కూర్పును తొందరపడి వదిలితే లక్షలమంది పనులు పాడవుతాయి. ఇవన్నీ నిజమే. అయితే ఇవి ఆలస్యానికి సంజాయిషీలు. "ఇంకా తేల్చుకోలేదు, మూడు నెలల తర్వాత మళ్లీ చెబుతాం" అనడానికి వీటిలో ఏదీ అడ్డురాదు.

నా సొంత అనుభవం ఒకటి మనవి చేస్తాను. కొన్నేళ్ల కిందట హైదరాబాదులో పన్నెండుమందిమి వున్న చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. మా ప్రోగ్రాములన్నీ ఒక పెద్ద కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్న వేదిక మీద నడిచేవి. పేరు అక్కరలేదు. మేము వాడే భాష పాత కూర్పుకు రక్షణ గడువు ముగియవచ్చింది. ఫలానా తేదీలోగా కొత్త కూర్పుకు మారాలని మా ఖాతాదారు షరతు పెట్టాడు. షరతు న్యాయమైనదే. వేదిక మీద మాత్రం కొత్త కూర్పు లేదు. అడిగాం. "మీ సూచనను సంబంధిత విభాగానికి పంపాము, ధన్యవాదాలు" అని వచ్చింది. నెల తర్వాత మళ్లీ అడిగాం. అక్షరం మారకుండా అదే జవాబు మళ్లీ వచ్చింది.

ఆ రోజుల్లో నాకు బాగా కష్టమనిపించింది పని కాదు, వారం వారం ఖాతాదారు చేసే ఫోను. "ఎప్పటికి అవుతుంది?" అని అతను అడిగేవాడు. నా దగ్గర తేదీ లేదు. "కనుక్కుంటున్నామండీ" అనేవాణ్ణి. మూడోసారి ఆ మాట అంటుంటే నాకు ఫ్యాక్టరీ ఆఫీసులోని గుమాస్తా గుర్తొచ్చాడు. "వస్తాదిలే, ఎల్లండి" అన్నాయన. బహుశా ఆయనకూ పైనుంచి ఎవరూ ఏమీ చెప్పి వుండరు. పైవాడు మూసిన నోరు కిందికి దిగుతూ దిగుతూ చివరికి ఎండలో నిలబడ్డవాడి దగ్గర ఆగుతుంది. అక్కడ వాడి మొహంలోకి చూసి మౌనంగా వుండవలసిన పని మాత్రం మధ్యవాడిది.

గత్యంతరం లేక మేమూ బెల్లం వండుకున్నాం. కొత్త కూర్పును మా ప్రోగ్రాముతోపాటే మూటకట్టి మోసుకెళ్లేలా నెలన్నర కష్టపడి ఏర్పాటు చేశాం. శ్రీకాకుళం కుర్రాడొకడు చెల్లెలి పెళ్లికి నాలుగు రోజుల ముందు వెళ్దామనుకున్నవాడు ముహూర్తం వేళకి వెళ్లి, మర్నాడే తిరిగొచ్చాడు. పని పూర్తయిన తొమ్మిదో రోజున, ముందు ఒక్క మాటైనా లేకుండా, వేదిక మీద కొత్త కూర్పు ప్రత్యక్షమైంది. మేము కట్టినది ఎవరికీ అక్కరలేకపోయింది. ఆ కుర్రాడు నవ్వేసి, "నెల్లాళ్ల ముందు ఒక్క ముక్క రాసుంటే నేను పెళ్లికి పందిరి వేయించేవాణ్ణి సార్" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

చెప్పడం చేతగాని పనేం కాదు. మన తెలుగు అక్షరమే అందుకు సాక్షి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్లు స్తంభించిపోయేవి. ఆ బెడద ప్రపంచమంతటా పాకింది. దిద్దుబాటు త్వరలో ఇస్తామని ఆపిల్‌వారు చెప్పారు, ఫిబ్రవరి 19న ఇచ్చారు. జ్ఞానం మొదటి అక్షరానికి ఎంత బలమో చూడండి! అందరికీ నొప్పి పుట్టినప్పుడు కబురూ వచ్చింది, మందూ వచ్చింది. నొప్పి కొద్దిమందిదైతేనే నోరు పెగలదు.

పద్ధతిగా నడిచేవారూ వున్నారు. పైథాన్ అనే భాషవారు తమ రెండో తరానికి 2015తో స్వస్తి చెబుదామనుకున్నారు. జనం సిద్ధంగా లేరని గ్రహించి, 2014లోనే ఆ గడువును 2020కి పొడిగించామని ప్రకటించారు. అయిదేళ్ల వాయిదా! ఎవరూ తిట్టలేదు, ఎందుకంటే ఎవరి పంచాంగం వాళ్లు సరిచూసుకోవడానికి వీలు దొరికింది. జావాకు సైతం 2018 నుంచి ఏటా మార్చిలోనూ సెప్టెంబరులోనూ కొత్త కూర్పు వస్తోంది.

సోదర విద్యార్థులారా, విశాఖలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడితో పెద్ద కేంద్రం పెడతామని 2025 అక్టోబరులో గూగుల్‌వారు ప్రకటించారు. రేపు అటువంటి వేదికల లోపల కూర్చునేవాళ్లు మీలోంచే వస్తారు. నాలాంటివాడెవడో బయటినుంచి ప్రశ్న పంపుతాడు. మీకు జవాబు తెలియకపోవచ్చు, పైవాళ్లు తేదీ చెప్పకపోవచ్చు. "నాకింకా తెలియదు, ఫలానా రోజుకు మళ్లీ రాస్తాను" అనండి, ఆ రోజున తప్పక రాయండి. అంతే. దానికి జీతంలోంచి ఏమీ పోదు.

అంతదాకా ఎందుకు, మన కళాశాలలోనే మొదలుపెట్టవచ్చు. వచ్చే ఏడు విద్యార్థి సంఘం ఎన్నికల్లో గెలిచేవారికి నాదొక చిన్న విన్నపం. నోటీసు బోర్డు మీద "త్వరలో" అన్న మాటను నిషేధించండి. హాస్టలు మరమ్మతు కానివ్వండి, క్రీడల దినోత్సవం కానివ్వండి, ఆఖరికి ఈ సంచిక విడుదలే కానివ్వండి, తేదీ వెయ్యండి. తప్పితే, తప్పిందని రాసి కొత్త తేదీ వెయ్యండి. బోర్డు కాస్త గజిబిజిగా కనిపిస్తుంది. దాని ముందు నిలబడ్డవాడు మాత్రం తన ఏర్పాటేదో తాను చూసుకోవడానికి వెళ్తాడు.