నాన్న లెన్సు, రెండు కెమెరాలు

2011 చివర్లో మార్కెట్లో కొత్తవాళ్ల కోసం రెండు డీఎస్ఎల్ఆర్‌లు ఉండేవి: నైకాన్ డీ3100, కెనాన్ 1100డీ. రెండిట్లో ఒకటి నాన్నకి కొనాలి. ఏడాది జీతంలో దాచిన డబ్బు. మా ఊళ్లో ఆయన స్టూడియోకి పెళ్లి ఆర్డర్లు ఆగిపోయి పాస్‌పోర్టు ఫోటోలే మిగిలాయి. పైగా కుడి కంట్లో శుక్లం మొదలైంది. ఫోటోగ్రాఫర్‌కి కుడి కన్నంటే ఏమిటో చెప్పక్కర్లేదు కదా.

అంకెలు చూస్తే నైకాన్‌దే పైచేయి. 14.2 మెగాపిక్సెళ్లు, అవతల 12.2. వీడియో ఇందులో 1080, అందులో 720 మాత్రమే. సెన్సర్ మీద దుమ్ము దులుపుకునే ఏర్పాటు నైకాన్‌లో ఉంది, ఆ కెనాన్‌లో లేదు. మెగాపిక్సెళ్ల గొడవని నేను పెద్దగా పట్టించుకోలేదు. అడ్డంగా లెక్కేస్తే 4608 పిక్సెళ్లు ఒకటి, 4272 రెండోది. పన్నెండంగుళాల ప్రింటు మీద ఆ తేడా పెళ్లికూతురి మేనత్తకి కూడా కనబడదు. చేతిలో పట్టుకుంటే మాత్రం కెనాన్ పట్టు ఉత్త ప్లాస్టిక్, బొమ్మలా ఉంటుంది.

నా మనసు నైకాన్ వైపే ఉండటానికి కారణం ఇవేవీ కావు. నాన్న దగ్గర ఎఫ్ఎం10 ఉంది, దానితో పాటు ఒక 50 మి.మీ. మాన్యువల్ లెన్సు. మా ఊళ్లో ఓ తరం పెళ్లిళ్లన్నీ దాన్లోంచి వెళ్లినవే. నైకాన్ తన ఎఫ్ మౌంట్‌ని 1959 నుంచీ మార్చలేదు. కెనాన్ 1987లో పాతదాన్ని వదిలేసి కొత్త ఈఎఫ్ మౌంట్ తెచ్చింది, పాత లెన్సులున్నవాళ్లు తిట్టుకున్నారు. కాబట్టి ఆ లెన్సు డీ3100కి ఎక్కుతుంది. ఎక్కింది కూడా, స్నేహితుడి కెమెరా రెండు రోజులు అడిగి తెచ్చి పెట్టి చూశాం.

ఎక్కడమే. వెలుతురు కొలవదు. ఆ తరగతి బాడీలో పాత లెన్సు ఎపర్చర్ తెలుసుకునే ఏర్పాటు తీసేశారు, ఎం మోడ్‌లో మన అంచనాతోనే తీసుకోవాలి. నాన్నకి అదో లెక్కా! ఎండలోకి చూసి "ఎఫ్ 16, నూట పాతిక" అన్నాడు, వచ్చేసింది. చిక్కంతా ఫోకస్ దగ్గర. ఎఫ్ఎం10 వ్యూఫైండర్ మధ్యలో బొమ్మ రెండు ముక్కలై కనిపిస్తుంది, ముక్కలు కలిస్తే ఫోకస్ కుదిరినట్టు. డీ3100లో ఆ గాజు లేదు, వ్యూఫైండరూ చిన్నదే. ఫోకస్ కుదిరిందని చెప్పడానికి కింద మూల ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. శుక్లం ఉన్న కంటికి ఆ చుక్కా, బొమ్మా ఒకేసారి అందవు. తాళి కట్టే క్షణం చుక్క కోసం ఆగదు.

ఆటోఫోకస్ కావాలంటే డీ3100 బాడీలో మోటారు లేదు, లెన్సులోనే ఉండాలి. అలాంటి 35 మి.మీ. ఎఫ్/1.8 నైకాన్‌కీ ఉంది గానీ నా బడ్జెట్ దాటింది. కెనాన్ 50 మి.మీ. ఎఫ్/1.8 మాత్రం చవక, లోపల చిన్న మోటారు, గరగరమని చప్పుడు చేస్తూనే ముఖం పట్టేసుకుంటుంది.

"పాత లెన్సుకి దణ్ణం పెట్టుకోడానికి కొత్త కెమెరా ఎందుకురా?" అన్నాడు నాన్న. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది, ఆయనకేం పడలేదు. కెనాన్ కొన్నాం.

ఆ తర్వాత కోఠిలో ఒక దుకాణంలో వెతుకుతుంటే ఇత్తడి ఉంగరం లాంటి ఎడాప్టర్ కనిపించింది. నైకాన్ లెన్సుకీ సెన్సర్‌కీ మధ్య ఉండాల్సిన దూరం 46.5 మి.మీ., కెనాన్‌ది 44. ఆ రెండున్నర మిల్లీమీటర్ల సందులోనే ఉంగరం పడుతుంది. నాన్న పాత లెన్సు కెనాన్‌కి ఎక్కింది. ఎక్కడమే కాదు, ఏవీ మోడ్‌లో వెలుతురు కూడా కొలిచింది! సొంత ఇంట్లో పలకరింపు లేని లెన్సుకి పొరుగింట్లో కుర్చీ వేశారు. అయితే ఎపర్చర్ మూస్తే వ్యూఫైండర్ చీకటవుతుంది, ఫోకస్ చేతితోనే. పెళ్లికి పనికిరాదు.

మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు నాన్న దాన్ని బిగించుకుని స్టూడియో మెట్ల మీద కూచుంటాడు. నైకాన్ లెన్సు ఒక వైపు తిప్పితే బిగుస్తుంది, కెనాన్ లెన్సు దానికి సరిగ్గా ఎదురు. మార్చేటప్పుడు ఆయన చెయ్యి ఇప్పటికీ ముందు పాత వైపే తిరుగుతుంది, ఒక క్షణం ఆగి, వెనక్కి వస్తుంది.