పులికాటులో పడవ మోటారు

కోట అగడ్త, నాలుగు చెరువులు తప్పిస్తే రాయవేలూరు వారికి నిలిచిన నీరు కనబడేది తక్కువ. వేలూరు పక్కన పాలారు, గుడియాత్తం నడుమ కౌండిన్య. రెండూ పేరుకు నదులేగాని ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. గంగమ్మ శిరసు ఉత్సవంనాడు కౌండిన్య ఒడ్డున ఇసుక వేస్తే రాలనంత జనం చేరతారు. అటువంటి ఊళ్ళవారికి పడవ మోటారు సంగతి ఎందుకని పాఠకులు అడుగవచ్చు. ఎందుకో చివరకు వారికే తెలుస్తుంది.

కిందటి సంక్రాంతి సెలవులలో వేలూరు, గుడియాత్తాల నుంచి మూడు కుటుంబాలవాళ్ళం కలిసి పులికాటు సరస్సు చూడబోయాము. కాట్పాడి మీదుగా చెన్నై చేరి, అక్కడ సూళ్ళూరుపేట వెళ్ళే లోకల్ రైలెక్కి తడలో దిగాము. అక్కడినుంచి ఆటోలో భీమునివారిపాళెం పడవల రేవు చేరాము. చద్దిమూటలు, మంచినీళ్ళు వెంట ఉన్నవి గనుక ఇబ్బంది లేదు.

ఉప్పునీటి సరస్సులలో మన దేశాన చిలకా తర్వాత పెద్దది ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలోను, దక్షిణపు కొస తమిళనాడులోను ఉన్నది. తెలుగువారు దీన్ని ప్రళయకావేరి అని కూడా అంటారు. ఆరణి, కాళంగి నదులు మంచినీరు తెచ్చి పోస్తవి. సముద్రం తన ఉప్పునీరు పంపుతుంది. తూర్పున శ్రీహరికోట అడ్డుగోడవలె నిలిచి ఉన్నది. చూపు ఆనినంత మేర నీరే అయినా లోతు మాత్రం సగటున ఒక మీటరే. శీతకాలంలో వచ్చే రాజహంసలు ఆ నీటిలో కాళ్ళమీద నిలబడి మేస్తుంటే, పిల్లలు అవి తేలుతున్నవనుకొన్నారు. పడవ నడిపే పెద్దాయన నవ్వి, “పక్షి నిలబడిన చోటికి పడవ పోదు తల్లీ, అదే మాకు గురుతు” అన్నాడు.

ముందు అందరిచేత లైఫ్ జాకెట్లు తొడిగించాడు. 2011 డిసెంబరు 25న ఇదే సరస్సు తమిళనాడు వైపున పడవ బోల్తాపడి, పండుగకు వచ్చినవారు 20 మందికి పైగా పోయారు. ఆ సంగతి తెలిసినవారెవ్వరూ జాకెట్టు బరువని సణగలేదు.

పడవ వెనుక పలకకు బిగించిన చిన్న మోటారు మమ్మల్ని ఆకర్షించింది. దీనిని ఔట్‌బోర్డు మోటారంటారు. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో వీటిని అమ్మకానికి పెట్టి పేరు పొందాడు. మన తీరంలో చిన్న పడవలకు ఇవి బాగా వాడుకలోకి వచ్చింది 1980ల నుంచి. అంతకుముందు తెరచాప, తెడ్డు, గడ, ఇవే ఆధారం. మోటారు వచ్చినా పులికాటులో గడ మానలేదు. బురద దిబ్బ దగ్గరపడగానే మోటారు ఆపి, పైకెత్తి, గడ వేసి తోయవలసినదే. ఆ ఎత్తడంలోనే అనేక మోటార్లు చెడిపోతవట.

మాతో వచ్చిన కుర్రవాడొకడు సాయం చేయబోయి చుక్కాని పిడి పట్టుకొన్నాడు. పెద్దాయన వెంటనే, “పిడి పట్టుకొని ఎత్తబాకయ్యా! అది తిప్పేదానికే గాని మొయ్యడానికి కాదు” అని వారించాడు. మోటారు తల వెనుక ఎత్తడానికని ఒక పట్టు ఉంటుంది. అక్కడే పట్టి ఎత్తవలె. పిడి పట్టి ఎత్తితే దాని కీలు వదులవుతుంది. మూత గొళ్ళెం పట్టి ఎత్తితే మూతే ఊడి చేతికి రావచ్చు.

తర్వాత ఆయన చేసిన పని వరుసగా చూశాము, అడిగి తెలుసుకొన్నాము. మొదట వేగం తగ్గించి, గేరును న్యూట్రల్‌కు తెచ్చి, ఇంజను పూర్తిగా ఆపాడు. పంకా తిరుగుతుండగా ఎత్తితే రెండు ప్రమాదాలు. ఒకటి, గాలిలో తిరిగే పంకా దగ్గరివారి చేయి కోస్తుంది. రెండోది, మోటారును చల్లబరచే నీరు దాని కింది కాలిలోని రంధ్రాలగుండా పైకెక్కుతుంది. ఆ రంధ్రాలు నీటిపైకి వస్తే లోపలి రబ్బరు చక్రం ఎండి, కొద్దిసేపటికే కాలుతుంది. ఆపైన ఇంజను వేడెక్కి పట్టేస్తుంది.

గేరు సంగతి ముఖ్యం. వెనక్కు నడిపేటప్పుడు మోటారు తనంతట పైకి లేవకుండా ఒక కొక్కెం పట్టి ఉంచుతుంది. ఆ కొక్కెం వదలకుండా బలవంతాన లాగితే వంగేది అదే. ముందుకు పోయేటప్పుడు మాత్రం కాలు రాతికి తగిలితే పైకి లేచి తప్పించుకొనేందుకు వీలుండవలె. లేవకుండా తాడుతో కట్టివేసేవారు ఆ వీలు పోగొట్టి కాలు విరుగగొట్టుకొంటారు.

ఎత్తిన తర్వాత ఆనిక కడ్డీ సరిగా పడిందో లేదో చూడవలె. పడకముందే చేయి వదిలితే అంత బరువూ ఒక్కసారి కిందికి వచ్చి పలక పగులుతుంది. దింపేటప్పుడూ అంతే: కాస్త పైకెత్తి, కడ్డీ విడిపించి, పసిబిడ్డను పడుకోబెట్టినట్లు దింపవలె. తలలోనే నూనె తొట్టి ఉన్న మోటారయితే, ఎత్తి ఉంచే ముందు కుళాయి కట్టి మూతమీది గాలిమర బిగించకపోతే పెట్రోలు కారుతుంది. బిగింపు మరలు రోజూ తడిమి చూడవలె. మోటారుకొక తాడు కట్టి పడవకు ముడివేసి ఉంచితే, మరలు వదులైనా మోటారు నీటిపాలు కాదు.

తిరుగు ప్రయాణంలో రైలు అరక్కోణం దాటుతుండగా ఈ మాటలే మళ్ళీ వచ్చాయి. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం నాలుగవ బెటాలియన్ ఉన్నది ఆ ఊళ్ళోనే. వారి రబ్బరు పడవలకు బిగించేవి ఈ తరహా మోటార్లే. 2021 నవంబరులో పాలారు పొంగింది. మోర్ధానా ఆనకట్ట నిండి కౌండిన్య గుడియాత్తం ఒడ్డు ఇళ్ళలోకి వచ్చింది. అదే వానలకు పేర్ణాంబట్టులో ఇల్లు కూలి 9 మంది మరణించారు. అంతకుముందు 1903లో పాలారు వాణియంబాడిని ముంచిన కథ పెద్దలు చెప్పగా విన్నదే. ఎండిన నది ఎప్పటికీ ఎండే ఉండదు.

వరద వచ్చిన వీధి పులికాటు వంటిదే. పైకి సముద్రం, అడుగున మోకాటి లోతు. నీటికింద పిట్టగోడ, మెట్టు, ముళ్ళకంప ఉంటవి. కొట్టుకువచ్చిన చీర పంకాకు చుట్టుకొంటుంది. అడుగడుగునా మోటారు ఆపి ఎత్తవలసివస్తుంది. 2018లో కేరళ వరదలకు సముద్రపు జాలరులు తమ పడవలను లారీలమీద వేసుకొని వెళ్ళి వేలమందిని కాపాడారు. అట్లా రోడ్డుమీద తీసుకుపోయేటప్పుడు మోటారును ఎత్తి, ఆ చిన్న కడ్డీమీదనే ఆనించి పోకూడదు. గతుకులకు కడ్డీ విరుగుతుంది. ఊడదీసి వేరుగా తీసుకుపోవడం మేలు. ముందు నిలువుగా ఉంచి లోపలి నీరంతా కారనీయవలె. తల ఎప్పుడూ పంకాకంటె ఎత్తున ఉండవలె. లేకుంటే మిగిలిన నీరు ఇంజనులోకి దిగుతుంది. ఫోర్ స్ట్రోక్ మోటారును ఏ పక్కకు పడుకోబెట్టవలెనో దాని పుస్తకంలో ఉంటుంది. మరో పక్కకు పెడితే నూనె ఇంజనులోకి పోతుంది. పని ముగిశాక ఉప్పునీరైనా బురదనీరైనా మంచినీటితో కడగవలె.

మిద్దెమీద పసిపిల్లతో నిలబడిన తల్లికి మోటారు ఎందుకు చెడిందో అక్కరలేదు. పడవ రాలేదన్నదే ఆమెకు తెలిసేది. మన సంఘంలో ఈతవచ్చిన యువకులు నలుగురు, వీలు చూసుకొని తడ వైపు వెళ్ళి, అనుభవమున్న పడవవారి దగ్గర రెండు రోజులుండి ఈ పని చేతులతో నేర్చుకొంటే బాగుంటుందని మా మనవి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పక్షులు కూడా ఉంటవి గనుక కుటుంబాలకూ కాలక్షేపం. నది నిండిన తర్వాత నేర్చుకొందామంటే గురువూ దొరకడు, సమయమూ దొరకదు.