మంచాలు తక్కువైనప్పుడు పుట్టే ‘యోగ్యత’



మా చిన్నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు. ఆయన లోపల మంచం మీద, నేను బయట బెంచీ మీద. పోయిన నెల కిడ్నీ మార్పిడి గురించి అడుగుదామని ఒక పెద్దాసుపత్రికి వెళ్లాం. పిన్ని తన కిడ్నీ ఇస్తానంది. అక్కడ కౌన్సెలింగ్ చేసే మేడమ్ మొదట ఏ ఊరని అడిగింది. తర్వాత ఊళ్లో ఎక్కడ అని అడిగింది. “మాలపల్లె” అన్నాడు చిన్నాన్న. ఫైలు పక్కకి జరిపి, “ఆపరేషన్ తర్వాత చాలా శుభ్రంగా ఉండాలి, మీ దగ్గర అది కుదరదు కదా” అంది. అప్పటికి ఒక్క పరీక్షా చెయ్యలేదు.

మార్పిడి తర్వాత జీవితాంతం రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడాలి, ఇన్ఫెక్షన్ల భయం ఉంటుంది. అది నిజమే. కానీ ఆ మాట అనే ముందు ఇంట్లో ఎంతమంది ఉంటారో, నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయో అడగాలి కదా. ఆమె అడిగింది పేట ఒక్కటే.

అందుకే ఈ రోజు అమెరికా డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ గురించి చెప్తాను. 1960కి ముందు డయాలసిస్ చేసిన ప్రతిసారీ కొత్తగా రక్తనాళాన్ని కోసి గొట్టం పెట్టాల్సి వచ్చేది. కొన్నిసార్లకే నాళాలు అయిపోయేవి. కాబట్టి కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్లని బతికించే దారి లేదు. అలాంటి ఒక రోగిని చావడానికి ఇంటికి పంపాల్సొచ్చిన బాధలోంచి స్క్రిబ్నర్‌కి ఒక ఆలోచన వచ్చింది. ధమనిలో ఒకటి, సిరలో ఒకటి టెఫ్లాన్ గొట్టాలు పెట్టి చేతికే వదిలెయ్యడం, డయాలసిస్ లేనప్పుడు ఆ రెంటినీ చిన్న వంపు గొట్టంతో కలిపి రక్తం పారుతూ ఉంచడం. 1960 మార్చిలో సియాటిల్‌లో క్లైడ్ షీల్డ్స్ అనే మెషినిస్టుకి అలా మొదలుపెట్టారు. ఆయన 11 ఏళ్లు బతికాడు.

అసలు కథ ఇక్కణ్ణించే. 1962లో సియాటిల్‌లో డయాలసిస్ సెంటర్ తెరిచారు. రోగులు చాలామంది, మంచాలు కొన్నే. ముందు డాక్టర్లు వడపోసేవాళ్లు. మిగిలినవాళ్లలో ఎవరు బతకాలో ఏడుగురి కమిటీ తేల్చేది. అందులో ఒక పాస్టరు, లాయరు, బ్యాంకరు, గృహిణి, కార్మిక నాయకుడు, ప్రభుత్వ అధికారి, సర్జన్. వాళ్లు చూసినవేంటి? ఆదాయం, చదువు, పిల్లలెంతమంది, చర్చికి వెళ్తాడా, సమాజానికి పనికొస్తాడా. అదే ఏడాది నవంబరులో షానా అలెగ్జాండర్ ‘లైఫ్’ పత్రికలో ఇది రాస్తే దేశం ఉలిక్కిపడింది.

కమిటీలో కూర్చున్నవాళ్లు దుర్మార్గులు కారు. కానీ యోగ్యత కొలవమంటే తమలాంటివాళ్లకే ఎక్కువ మార్కులేశారు. మనకిది కొత్తా? ‘మెరిట్’ పేరుతో ఈ కొలబద్ద మన మీద ఎన్నిసార్లు పెట్టలేదు?

ఆ కమిటీ కాదన్న ఒక హైస్కూలు అమ్మాయి కోసం 1964లో స్క్రిబ్నర్, ఇంజినీరు ఆల్బర్ట్ బాబ్ కలిసి ఇంట్లోనే వాడుకునే మెషీన్ తయారుచేయించారు. 1972లో అమెరికా ప్రభుత్వం డయాలసిస్ ఖర్చు భరిస్తానని చట్టం చేసింది. దాంతో ఆ కమిటీల పని అయిపోయింది. నిన్న యోగ్యత లేనివాడు డబ్బూ మంచమూ రాగానే ఈ రోజు యోగ్యుడెట్లా అయ్యాడు? అంటే లోటు వాడిలో లేదు, మంచాల్లో ఉంది.

ఇప్పుడు ఆ టెఫ్లాన్ గొట్టం లేదు. చేతిలోనే ధమనినీ సిరనీ కలిపి ఫిస్టులా చేస్తున్నారు. చిన్నాన్న చెయ్యి ముట్టుకుంటే లోపల రక్తం గుయ్‌మని కొట్టుకోవడం తెలుస్తుంది. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కాబట్టి డయాలసిస్ జరుగుతోంది. ఆ మంచం దగ్గర ఏ పేటని ఎవరూ అడగలేదు. పథకం అయితే రూలు అడుగుతుంది. మనిషి దయ అయితే కులం అడుగుతుంది.

మొన్న సోమవారం ఆ ఆసుపత్రికి మళ్లీ వెళ్లి దరఖాస్తు ఇచ్చాం. ఇద్దరికీ పరీక్షలు చెయ్యండి, వైద్య కారణంతో కాదంటే ఆ కారణం కాగితం మీద రాసివ్వండి అన్నాం. కాగితం అనగానే మేడమ్ గొంతు మారింది. గురువారం రక్తపరీక్షలకి రమ్మన్నారు.

ఫలితం ఏదైనా కావచ్చు. పిన్ని కిడ్నీ సరిపోకపోతే సరిపోలేదని డాక్టరు చెప్పాలి, మా పల్లె పేరు కాదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లా నోటిమాటతో కాదంటే రాసివ్వమని అడగండి. గురువారం సంగతి వచ్చే భాగంలో చెప్తాను.

జై భీమ్.